ఎనిమిది గంటలు, అంతరాయం లేకుండా

జనవరి 20, సోమవారం

ఎరువుల కొట్టువాళ్లు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఏటా అటక మీదికి పోతుంది. ఈసారి నేను తీసి టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. తెలుసు గాని రాయడం ఇష్టం లేదు.

సుప్రజ ఈ రోజు మళ్లీ తొమ్మిది తెచ్చింది. రియాక్షన్‌లో రావాల్సిన సరుకులో వందకి తొమ్మిది పాళ్లు. జర్నల్లో అచ్చయిన నా పేపర్లో ఉన్నది అరవై ఎనిమిది. మూడేళ్ల నుంచి నా పీహెచ్‌డీ స్టూడెంట్ చేతికి వచ్చేది ఇంతే. తొమ్మిది, పదకొండు, ఏడు, మళ్లీ తొమ్మిది. కోవిడ్‌లో రెండేళ్లు ఊరికే పోయాయి, మిగతా మూడేళ్లూ ఈ రియాక్షన్ మీదే పెట్టింది. మార్చి నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు.

రియాక్షన్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక సల్ఫర్ సమ్మేళనంలో ఒక హైడ్రోజన్‌ని పీకి ఆ చోట ఫ్లోరిన్‌ని కూర్చోబెట్టడం. పెద్ద ల్యాబుల్లో దీనికి ప్రమాదకరమైన గ్యాసులు, ఖరీదైన కెమికల్స్ వాడతారు. నేను రెండు ప్లాటినం రేకులు, ఒక ప్లాస్టిక్ గిన్నె, కాస్త కరెంటు పెట్టి చేశాను. గాజు గిన్నె పనికిరాదు, ఆ ఫ్లోరైడ్ ద్రావణం గాజుని తినేస్తుంది. 2013లో, నరసరావుపేటలో, మా కాలేజీ రెండో అంతస్తులో చేశాను. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొచ్చినా చెప్పి చెప్పి ఈ మాటలు నోటికి వచ్చేశాయి, ఇక్కడా అవే రాశాను.

"అమ్మా, అరవై ఎనిమిదెక్కడ, తొమ్మిదెక్కడ. చేతిలో శుభ్రం లేకపోతే ప్లాటినం మాత్రం ఏం చేస్తుంది" అన్నాను. ఇద్దరు జూనియర్లు అక్కడే సింకు దగ్గర ఉన్నారు. సుప్రజ "సరే సార్, మళ్లీ చేస్తాను" అంది. ఎప్పుడూ అదే మాట.

తడి అయ్యుంటుంది. కరిగించే సాల్వెంట్‌లో తడి ఉంటుంది. అంతే.

జనవరి 23

తడి కొలిచి చూపించింది. లేదు.

జనవరి 27, సోమవారం

సుప్రజ మొదటి చాప్టర్ ఇవ్వడానికి ఇంటికి వచ్చింది. మా ఆవిడ హైమావతి అన్నం తినకుండా పంపనంది. గోంగూర పచ్చడీ, పప్పూ పెట్టింది. ఆ అమ్మాయి నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. వాళ్లది గురజాల దగ్గర పల్లె. తండ్రి మిరప పండిస్తాడు. కారం తినే పిల్లే, ముద్ద దిగలేదు.

ఆమె వెళ్లాక హైమావతి అంది: "ఏందండీ ఆ పిల్ల అట్లా అయిపోయింది. వచ్చిన కొత్తలో చూశాను, బుగ్గలు ఇంతింత ఉండేయి."

"రీసెర్చ్ అంటే అంతే."

"మీరూ చేశారు గదా రీసెర్చి. మీరు చిక్కలేదే. లావెక్కారు."

ఏదో కసురుకున్నాను. ఆడవాళ్లకి అర్థం కాదన్నాను. హైమావతి ఇరవై ఆరేళ్లు లెక్కల టీచరుగా చేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 1, శనివారం

ఎవరికీ చెప్పకుండా నేనే చేశాను. పొద్దున ఏడుకే వెళ్లి తాళం తీయించుకున్నాను. నా చేతులతో రేకులు కడిగాను, నా చేతులతో తూచాను, కొత్త పవర్ సప్లై పెట్టాను. దానికి యూపీఎస్ ఉంది, రెప్పపాటు కూడా ఆగదు. లోపల గడియ పెట్టుకుని నాలుగింటిదాకా కదలకుండా కూర్చున్నాను.

పది వచ్చింది.

రేకు మీద గోధుమ రంగు పొర పట్టింది, అడుగంటిన పాకంలా. గోరుతో గీకితే రాదు. ఆ పొర పట్టాక కరెంటు లోపలికి పోదు, వేరే పనులకి పోతుంది. ఎలక్ట్రోకెమిస్ట్రీ చేసేవాడు ఎవడైనా చెబుతాడు.

ఎవరి కంటా పడకముందే గిన్నె కడిగేశాను. నా చేతిలో శుభ్రం ఉంది. నాకూ పదే వచ్చింది.

ఫిబ్రవరి 2

రాయను.

ఫిబ్రవరి 4, మంగళవారం

సరే, రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

2013లో ఈ ఊళ్లో కరెంటు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. పొద్దున కోత, మధ్యాహ్నం కోత, అవి కాక మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు పీకేవాళ్లు. కాలేజీ జనరేటరు కంప్యూటర్ ల్యాబుకి మాత్రమే. కెమిస్ట్రీకి జనరేటరెందుకు, మీరు గ్యాసు మీద చేసుకోండి అన్నారు. నా రియాక్షన్‌కి ఎనిమిది గంటల కరెంటు కావాలి. అది పోయినప్పుడల్లా ఆగి, వచ్చినప్పుడల్లా మొదలై, పొద్దున పెట్టింది సాయంత్రం ఆరేడింటికి పూర్తయ్యేది. అటెండర్ కాలేషా ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో రాసిపెట్టి, కూడి, ఎనిమిది గంటలు కాగానే ఆపేవాడు. అట్లా చేస్తే అరవై ఎనిమిది వచ్చింది. నాలుగుసార్లు వచ్చింది. అందులో అబద్ధం లేదు.

పేపర్లో మాత్రం 'స్థిరమైన కరెంటు, ఎనిమిది గంటలు, అంతరాయం లేకుండా' అని రాశాను.

ఎందుకు రాశానంటే, అంతకు ముందు ఏడాది ఒక సెమినార్‌లో పోస్టరు పెట్టుకుని నిలబడితే, ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నా చొక్కాకున్న బ్యాడ్జీ చదివి, "మీ ఊళ్లో కరెంటుందా, ఎలక్ట్రోకెమిస్ట్రీ చేస్తున్నారు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం భోజనానికి వెళ్లలేదు. రొంపిచెర్ల మండలంలో పదెకరాల రైతు కొడుకుని, ఒకరి ముందు తల దించి ఎరగను. పేపరు రాసేటప్పుడు 'కరెంటు కోత' అనే మాట జర్మనీలోనో జపాన్‌లోనో ఎవడో చదువుతాడనుకుంటే తల కొట్టేసినట్టయింది.

అయినా మొత్తం మీద పారింది ఎనిమిది గంటల కరెంటే కదా. మధ్యలో ఆగిందని రాయకపోతే అది అబద్ధం ఎలా అవుతుంది. ఒక వివరం వదిలేశానంతే. అందరూ వదిలేస్తారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కాలేషాని చూడటానికి బరంపేట వెళ్లాను. రిటైరై ఆరేళ్లయింది. అల్లుడు మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు, అక్కడే కూర్చుంటాడట. ఊరికే పలకరిద్దామని వెళ్లాను.

ఊరికే కాదు. అతనికి ఏం గుర్తుందో చూద్దామని వెళ్లాను.

రాగితీగల చుట్టల మధ్య స్టూలు తుడిచి వేశాడు. "ఏంది సార్, ఇంత దూరం వచ్చారు. ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి గదా."

టీ తెప్పించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక పాత ల్యాబు సంగతి తెచ్చాను. ఆ ప్లాస్టిక్ గిన్నె ప్రయోగం గుర్తుందా అన్నాను.

"గుర్తు లేకేం సార్. కరెంటు పోయిందీ వచ్చిందీ రాసింది నేనే గదా. నేనప్పుడే చెప్పా మీకు. కరెంటు పోయి వస్తా ఉంటేనే మీ పని బాగుంటంది, చానాసేపు ఆపకుండా ఉంటే ఆ రేకుకి జిగురు పట్టుద్దని. పోయినప్పుడు ఆ జిగురు కాసేపటికి కరిగిపోయేది. నేను కళ్లారా చూసేవాణ్ణి."

"నేనేమన్నాను?"

"నవ్వారు సార్. ఎమ్మెస్సీ ఎప్పుడు పాసయ్యావు కాలేషా అన్నారు. పిల్లలందరూ ఉన్నారప్పుడు."

"నువ్వేమన్నావు?"

"నేనూ నవ్వా. ఏమంటా మరి." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ మంత్రిగారు వచ్చిన రోజు తేలిపోయింది గదా సార్. ఆయన ఊళ్లో ఉన్నాడని పొద్దుటి నుంచి కరెంటు తియ్యలా. ఆ రోజు మీది పాడైపోయింది. ఎంత, తొమ్మిదో ఎంతో వచ్చింది. మీరు నోటుబుక్కులో ఆ కాయితం చించి, నా చేతికిచ్చి, బాయిలర్ పొయ్యిలో పడెయ్యమన్నారు."

"పడేశావా?"

"మీరు చెప్పారు గదా సార్. పడేశా."

నాకు ప్రాణం లేచివచ్చింది. అది దాచి రాయడం ఎందుకు, నిజంగానే గుండె తేలికపడింది. కాగితం లేదు. టీ బాగుందని కూడా అన్నాను. అతని అల్లుణ్ణి పిలిచి, మీ మామ చానా నమ్మకస్తుడు అని చెప్పాను. కాలేషా మొహం వెలిగిపోయింది.

బండి తీసి బయల్దేరాను. నమ్మకస్తుడు అని దేనికన్నానో నాకు తెలుసు.

ఫిబ్రవరి 10

తెలుసు అని చెప్పలేం. అనుమానం ఉండేది. అనుమానం వేరు, తెలియడం వేరు. మంత్రి వచ్చిన రోజు రేకు సరిగా కడిగి ఉండకపోవచ్చు. ఒక్క రోజు ఫలితం పట్టుకుని ఏ శాస్త్రజ్ఞుడూ తీర్మానం చేయడు.

పై ఐదు వాక్యాలూ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 13, గురువారం

సుప్రజ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టి నిలబడింది. రిజిస్ట్రేషన్ వదులుకుంటున్నట్టు దరఖాస్తు. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చిందట. బీఎస్సీ వాళ్లు చేసే పని.

"ఇదేంటమ్మా, నెలన్నర ఉందిగా ఇంకా."

"లాభం లేదు సార్. నాకు చేతకాదు. మీ రియాక్షన్ మంచిదే, నా చెయ్యే మంచిది కాదు." ఏడవలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. "చిన్నప్పటి నుంచి మా అమ్మ కూడా అదే అంటది, నీ చేత్తో ఏం పట్టుకున్నా పగులుద్దని."

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. నోట్లోకి వచ్చింది కూడా. కుర్చీలోంచి లేచాను. కిటికీ దగ్గరికి వెళ్లాను. బయట మైదానంలో పిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. కాసేపు అటే చూశాను. ఆలోచిస్తున్నవాడిలా గడ్డం రుద్దుకున్నాను కూడా, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు తిరిగి, "ఒక ఆలోచన వచ్చింది సుప్రజా. ఆపకుండా ఇవ్వకు. అరగంట ఇచ్చి పది నిమిషాలు ఆపు. మళ్లీ ఇవ్వు. అట్లా ఎనిమిది గంటలు పూర్తి చెయ్యి" అన్నాను.

"అట్లా ఎందుకు సార్?"

"చేసి చూడమ్మా. నాకెందుకో అనిపించింది."

దరఖాస్తు వెనక్కి తీసుకుంది. సమస్య తీరుతుంది కదా, ఎలా తీరితేనేం అనుకున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

డెబ్భై ఒకటి.

మూడుసార్లు చేసింది. డెబ్భై ఒకటి, డెబ్భై, డెబ్భై ఒకటి. పరిగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చి కాగితం చూపించింది. తర్వాత ఏడ్చింది. మూడేళ్ల ఏడుపు. "మీరు కిటికీలోంచి చూసి చెప్పారు సార్, ఒక్క నిమిషంలో. నేను మూడేళ్లు కొట్టుకున్నా తట్టలా" అని వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది.

నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

జూనియర్లు స్వీట్లు తెచ్చారు. ప్రిన్సిపాల్ వచ్చి నాతో చెయ్యి కలిపాడు. కాజా ఒకటి తిన్నాను. ఇంకోటి కూడా తిన్నాను.

ఫిబ్రవరి 18

నా అరవై ఎనిమిది కంటే మూడు ఎక్కువ. అది కూడా కాస్త గుచ్చుకుంది. ఎంత నీచుణ్ణి.

ఫిబ్రవరి 26, శివరాత్రి

కోటప్పకొండ తిరునాళ్ల. బళ్ల మీద కట్టే తాటిచెట్టంత ప్రభలు పోయే దారిలో తీగలు తగలకుండా కరెంటు తీశారు. ఫ్యాను లేక హైమావతి విసుక్కుంది. ఆ దేవుడి పేరే నాకు పెట్టారు, త్రికోటేశ్వరరావని. కొండకి రమ్మని బంధువులు పిలిచారు. నడుం నొప్పి అన్నాను.

మార్చి 5, బుధవారం

థీసిస్ మొత్తం వచ్చింది. నూట ఎనభై పేజీలు. కృతజ్ఞతల పేజీలో నా గురించి పదమూడు వరుసలు. 'పనిని వదిలేయబోతున్న నన్ను ఒక్క ఆలోచనతో నిలబెట్టిన గురువు' అని. ఆమె తండ్రికి మూడు వరుసలు. కాలేషా ఎవరో ఆమెకి తెలియదు, ఆమె చేరేలోపే రిటైరయ్యాడు.

మార్చి 10, సోమవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

నాలుగో చాప్టర్‌లో ఒక పట్టిక ఉంది. కరెంటు ఇచ్చే పద్ధతులు, ఒక్కోదానికి ఎంత వచ్చిందో. అరగంటకి పది నిమిషాల ఆపు, ఇరవై నిమిషాలకి ఐదు, ఇట్లా. అన్నిటికంటే పైన మొదటి వరుస: ఆపకుండా ఎనిమిది గంటలు, అరవై ఆరు శాతం.

ఆమెని పిలిచాను. "ఇది ఎప్పుడు చేశావమ్మా? రికార్డులో చూసినట్టు లేదు."

"చెయ్యలేదు సార్."

"మరి?"

తలుపు దగ్గరగా వేసి వచ్చింది. గొంతు తగ్గించింది. "నాకు వచ్చిన తొమ్మిది పెడితే బయటి ఎగ్జామినర్ మీ పేపర్ తీస్తారు సార్. సార్‌కి అరవై ఎనిమిది వచ్చి నీకు తొమ్మిది ఎందుకొచ్చిందని అడుగుతారు. నా చేతిలో లోపం వల్ల మీ పేరుకి మాట రాకూడదు గదా. అందుకని అట్లా రాశాను. సరిగ్గా అరవై ఎనిమిదే రాస్తే నమ్మరని రెండు తగ్గించాను."

రెండు తగ్గించింది. నాకు తట్టలేదు అప్పట్లో అట్లాంటి జాగ్రత్తలు. నేను చింపి పొయ్యిలో వేయించాను, అంతే.

ఆమె మొహంలో తప్పు చేసినట్టు లేదు. గురువుకి సేవ చేసినట్టు ఉంది. ఈ పిల్ల మూడేళ్లలో తొమ్మిదిని పదని రాయలేదు. రికార్డులో ప్రతి ఓటమినీ తారీఖుతో సహా రాసింది. అట్లాంటి మనిషి చేత నేను అబద్ధం రాయించాను. నోరు తెరిచి అడక్కుండానే రాయించాను.

"చూస్తాను, ఉంచి వెళ్లు" అన్నాను.

మార్చి 11

సంతకం పెట్టలేదు.

మార్చి 12

పెట్టలేదు. పెన్ను తీశాను, మూత పెట్టాను.

పెడితే ఏమవుతుంది. ఎవరూ చూడరు. ఆమె డాక్టర్ అవుతుంది, పెళ్లి పత్రిక మీద వేసుకుంటుంది, ఎక్కడో లెక్చరర్ అవుతుంది, ఆమె స్టూడెంట్ ఒకరు ఆ మొదటి వరుస పట్టుకుని మూడేళ్లు

మార్చి 13, గురువారం

హైమావతికి చెప్పాను. అన్నీ చెప్పాను. కోతలు, మంత్రి, కాగితం, కాలేషా, కిటికీ. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. చెయ్యి ఆపలేదు. నేను తిడుతుందనుకున్నాను, లేకపోతే ఓదారుస్తుందనుకున్నాను.

"ఆ పిల్లకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

మార్చి 15, శనివారం

చెప్పాను.

శనివారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ ఉండరు. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేననిపించింది. సుప్రజ బెంచీకి ఆనుకుని వింది. కోతల గురించి చెప్పినప్పుడు కాస్త నవ్వింది కూడా, ఆశ్చర్యంతో. మంత్రి వచ్చిన రోజు సంగతి చెప్పేసరికి నవ్వు పోయింది.

ఆనుకున్న బెంచీ వదిలి నిటారుగా నిలబడింది. తర్వాత, "తెలిసే తిట్టారా సార్ నన్ను?" అంది.

"అనుమానం ఉండేది."

"అనుమానమా, తెలుసా?"

"తెలుసు."

ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

"మా నాన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు సార్. ఎందాకా వచ్చిందమ్మా అంటాడు. నా చేతిలోనే ఏదో లోపం ఉంది నాన్నా అని చెప్పేదాన్ని. ఆయన అద్దంకి తీసుకుపోయి ఎవరికో నా చెయ్యి చూపించాడు." కుడి చేతిని తిప్పి చూసుకుంది. "దారం కట్టారు. మొన్న ఫిబ్రవరిలో తీసేశా."

క్షమించమ్మా అన్నాను. ఆమె నా చేతిలోని థీసిస్ తీసుకుని మొదటి వరుసలో అరవై ఆరు కొట్టేసి, పక్కన తొమ్మిది వేసింది.

"గురువారం ప్రీ-సబ్మిషన్ టాక్‌లో ఈ వరుస దగ్గర ఆపి అడుగుతారు సార్. నేను చెప్తే గురువు మీద చాడీ చెప్పినట్టుంటది. మీరే లేచి చెప్పండి."

"చెప్తాను."

"మొత్తం చెప్పండి."

మార్చి 16

జర్నల్‌కి ఉత్తరం రాసి పంపాను. ఆ వాక్యం తప్పు, కరెంటు చాలాసార్లు ఆగింది, ఆగకపోతే తొమ్మిది శాతమే వస్తుంది, ఇది మొదట గమనించింది మా అటెండర్ షేక్ కాలేషా అని. నాలుగు వాక్యాలు. ఇవే వాక్యాలు అప్పుడే రాసి ఉంటే సరిపోయేది, ఎవడైనా నవ్వితే నవ్వేవాడు.

మార్చి 19

రేపు చెప్పాల్సింది కాగితం మీద మూడుసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ నేను కొంచెం మంచివాడినవుతున్నాను. మూడోసారి రాసిందాంట్లో తప్పంతా కరెంటాఫీసుది. మూడూ చింపేశాను.

మార్చి 20, గురువారం

సెమినార్ హాల్లో యాభై మంది. ముందు వరుసలో ప్రిన్సిపాల్, యూనివర్సిటీ నుంచి ఇద్దరు, విశాఖ నుంచి వచ్చిన ఎక్స్‌పర్ట్ ఒకాయన. సుప్రజ నీలం రంగు చీర కట్టుకుంది. తడబడకుండా చెప్పింది. నాలుగో చాప్టర్ పట్టిక తెర మీదికి రాగానే ఎక్స్‌పర్ట్ చెయ్యెత్తాడు.

"మీ గైడ్ పేపర్లో ఇదే పద్ధతికి అరవై ఎనిమిది ఉందమ్మా. మీరు తొమ్మిది అంటున్నారు."

సుప్రజ నా వైపు చూసింది. లేచాను.

కోతల సంగతి చెప్పాను. జనరేటర్ కంప్యూటర్ ల్యాబుకే అన్న సంగతి చెప్పాను, వెనక వరుసల్లో నవ్వు మొదలైంది. కరెంటు కోత అని రాయడానికి సిగ్గుపడి 'అంతరాయం లేకుండా' అని రాశానన్నాను. కాలేషా అప్పుడే చెప్పాడని, నేను వినలేదని చెప్పాను. హాలంతా నవ్వింది. ఎక్స్‌పర్ట్ కూడా నవ్వాడు. "ఇందులో సిగ్గెందుకు సార్. కరెంటు కోతలోంచి కెమిస్ట్రీ తీశారు. పల్నాడులో తప్ప ఇంకెక్కడా సాధ్యం కాదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ వెనక్కి తిరిగి, దీన్ని న్యూస్ పేపర్లో వేయిద్దాం, మంచి స్టోరీ అన్నాడు.

నేను చేతులు జోడించి కూర్చున్నాను. నవ్వుతున్నాను కూడా. అయిపోయింది, ఇంత తేలికా అనుకున్నాను. పన్నెండేళ్లు మోసింది ఇదా అనుకున్నాను. పక్కన కూర్చున్న ఫిజిక్స్ ఆయన నా తొడ మీద తట్టాడు.

సుప్రజ చప్పట్లు కొట్టలేదు. పాయింటర్ కిందికి పెట్టి నిలబడింది. తరవాతి స్లైడ్ వెయ్యలేదు. నా వైపు చూడటం కూడా లేదు, తెర వైపు చూస్తోంది. ఎదురుచూస్తోంది.

మళ్లీ లేచాను. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, కాస్త ఆగమన్నాను.

"ఇంకొంచెం ఉందండీ. కరెంటు పోని రోజు ఒకటి ఉంది. ఆ రోజు నాకు కూడా తొమ్మిదే వచ్చింది. ఆ కాగితం చించి తగలబెట్టించాను. అంటే ఇది ఆపకుండా చేస్తే రాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఈ అమ్మాయిని మూడేళ్లు అదే చెయ్యమన్నాను. రాకపోతే చేతిలో శుభ్రం లేదని అందరి ముందూ తిట్టాను. కిందటి నెల వచ్చిన ఆలోచన కూడా అప్పుడు వచ్చింది కాదు. వచ్చినట్టు నటించాను."

నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఫిజిక్స్ ఆయన తన చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. ఎక్స్‌పర్ట్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూడకుండా ఉండిపోయాడు. నాకు ఇంకా ఏదో చెప్పాలనిపించింది, అప్పటి సెమినార్‌లో నాకు జరిగిన అవమానం గురించి, ఆ పెద్దమనిషి మాట గురించి. నోరు తెరిచాను.

"కూర్చోండి సార్" అంది సుప్రజ. మైకులోంచి వచ్చింది ఆ మాట, హాలంతా వినపడింది. "నా టాక్ ఇంకా అవలేదు."

కూర్చున్నాను. ఆమె తరవాతి స్లైడ్ వేసింది.